మహీంద్రా ఎంఎం540 జీపులో ఇంజిన్, గేర్‌బాక్స్ మార్చాక ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి ఇరుసుకి తిప్పుడు మోసే గొట్టం) కోణాలు ఎలా కుదర్చాలి?

ఉప్పల్_జీపు:
ఎంఎం540లో బొలెరో 2,523 సీసీ డీఐ ఇంజిన్, 5 స్పీడ్ గేర్‌బాక్స్ కూర్చోబెట్టాం. గేర్‌బాక్స్ పొడవెక్కువ కాబట్టి వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించాం. ఇప్పుడు క్రాస్ (షాఫ్ట్ చివర వంగే యూనివర్సల్ జాయింట్) నుంచి క్రాస్‌కి 600 మి.మీ. టైరు ఎత్తు 720 మి.మీ., క్రౌన్-పినియన్ రేషియో 4.88. డిజిటల్ యాంగిల్ గేజ్‌తో కొలిచినవి: ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ వెనకుండే 4x4 గేర్ల పెట్టె) అవుట్‌పుట్ వెనక్కి 4 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ వాలు 10.5, పినియన్ మూతి (షాఫ్ట్ వెనక ఇరుసుకి కలిసే చోటు) 1 డిగ్రీ పైకి. ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీద 55 దాటగానే సీటు కింద గుయ్‌మని అదురు మొదలవుతోంది. బ్యాలెన్సింగ్ చేయించినా తేడా లేదు. పినియన్‌ని సూటిగా షాఫ్ట్ వైపు తిప్పేయమని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు. గేర్‌బాక్స్ కింది క్రాస్ మెంబర్ బోల్టుల మీదే ఉంది, ఎత్తు మార్చుకోవచ్చు. ఏది సరి అన్నా?

బాలానగర్_లేత్:
తిప్పకండి. పినియన్‌ని షాఫ్ట్‌కి సూటిగా పెట్టడం పై చివర డబుల్ కార్డాన్ జాయింట్ (జంట క్రాస్‌ల జాయింట్) ఉన్న షాఫ్ట్‌కి మాత్రమే. మీది రెండు మామూలు క్రాస్‌ల షాఫ్ట్.

క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు షాఫ్ట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. ముందు జాయింట్ పుట్టించిన ఆ ఎగుడుదిగుడును వెనక జాయింట్ అంతే కోణంలో ఉండి తుడిచేయాలి. మీ లెక్క చూడండి. ముందు జాయింట్ 10.5 - 4 = 6.5 డిగ్రీలు. వెనకది 10.5 - 1 = 9.5. రెండింటి వర్గాల తేడాకి వర్గమూలం తీస్తే 6.9. అంటే ఒంటి జాయింటే 6.9 డిగ్రీల్లో తిరిగినంత అదురు మిగిలింది. ఇది 3 లోపు ఉండాలి. బ్యాలెన్సింగ్‌తో ఇది పోదు, ఎందుకంటే ఇది బరువు తేడా కాదు.

కోణాలు సమానం చేసినంత మాత్రాన కూడా సరిపోదు. 60 వేగంలో మీ షాఫ్ట్ నిమిషానికి దాదాపు 2,150 చుట్లు, 80లో 2,870 చుట్లు తిరుగుతుంది. 3,000 చుట్ల దగ్గర జాయింట్‌కి గరిష్ఠంగా 5.8 డిగ్రీలే నప్పుతాయి. కాబట్టి మొదట రెండు కోణాలూ తగ్గించాలి, ఆ తర్వాతే సమానం చేయాలి.

క్రాస్ మెంబర్‌ని 20 మి.మీ. దించండి. ఇంజిన్ ఫౌండేషన్ (ఇంజిన్‌ని మోసే రబ్బరు మౌంటు) నుంచి వెనక ఫౌండేషన్‌కి దూరం సుమారు 900 మి.మీ. ఉంటే అవుట్‌పుట్ వాలు 4 నుంచి 5.3కి పెరుగుతుంది, షాఫ్ట్ వాలు 8.6కి తగ్గుతుంది. ఒకే పనితో రెండు వైపులా లాభం. ఆ తర్వాత 3 డిగ్రీల వెడ్జ్‌తో (ఇరుసుకీ కమాన్‌కీ మధ్య పెట్టే ఏటవాలు ముక్క) పినియన్‌ని 4 డిగ్రీలకి లేపండి. మూతి లేచినప్పుడు యోక్ (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్క) కూడా పైకి వస్తుంది కాబట్టి షాఫ్ట్ వాలు ఇంకో 1.2 డిగ్రీలు తగ్గి 7.4 దగ్గర ఆగాలి. అప్పుడు ముందు జాయింట్ 2.1, వెనకది 3.4.

ఆ 1.3 తేడా కావాలనే ఉంచాలి. కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) బండిలో యాక్సిలరేటర్ తొక్కగానే హౌసింగ్ (ఇరుసు గొట్టం) మెలికపడి పినియన్ మూతి పైకి లేస్తుంది. అలా లేచినప్పుడు కోణాలు సమానం కావాలంటే బండి నిలబడి ఉన్నప్పుడు పినియన్ ఒకటి, ఒకటిన్నర డిగ్రీ కిందికి ఉండాలి. అలాగని ఏ జాయింట్‌నీ సున్నా కోణంలో పెట్టవద్దు. క్రాస్‌లోని నీడిల్ బేరింగ్‌లు తిరగక ఒకే చోట గుంటలు పడతాయి. కనీసం 1 డిగ్రీ ఉంచండి.

మౌలాలీ_4x4:
పై లెక్క సరే గానీ, దానికన్నా ముందు యోక్‌లు చూడండి. కోయించిన షాఫ్ట్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. షాఫ్ట్‌కి రెండు చివరలా ఉన్న యోక్‌ల చెవులు ఒకే వరుసలో ఉండాలి. వెల్డింగ్‌లో తిరిగినా, స్లిప్ స్ప్లైన్ (షాఫ్ట్ పొడవు మారేలా జారే పళ్ల భాగం) ఒక పన్ను తప్పించి ఎక్కించినా కోణాలు ఎంత దిద్దినా అదురు పోదు. విప్పే ముందు రెండు భాగాల మీదా పంచ్ గుర్తు పెట్టుకోండి.

ఇంకో మాట. మీరు పక్క నుంచి మాత్రమే కొలిచారు. అవుట్‌పుట్‌కీ పినియన్‌కీ పక్కవాటు తేడా ఉంటే పై నుంచి చూసినా ఒక కోణం ఉంటుంది. 600 మి.మీ.లో 30 మి.మీ. పక్కకి ఉంటే దాదాపు 2.9 డిగ్రీలు. దాన్ని పక్క నుంచి కొలిచిన కోణంతో వర్గాలు కూడి వర్గమూలం తీసి కలపాలి. గేర్‌బాక్స్ కూర్చోబెట్టేటప్పుడే తూకం దారం కట్టి చూసుకుంటే ఈ తలనొప్పి రాదు.

కొలతలు టైర్లు నేల మీద ఉండగానే తీయండి. జాక్ చాసిస్ కింద పెట్టి హౌసింగ్ వేలాడుతుంటే వచ్చే అంకెలు పనికిరావు. కొత్త ఫౌండేషన్ రబ్బర్లు బరువుకి 3-4 మి.మీ. కూర్చుంటాయి, ఓ వారం నడిపాక మళ్లీ కొలవండి. గేజ్‌ని మెషిన్ చేసిన ఫ్లాంజ్ ముఖం మీదే పెట్టాలి, పోత మీద కాదు.

బాలానగర్_లేత్:
వెడ్జ్ ఉక్కుదే తీసుకోండి, అల్యూమినియం పగులుతుంది. కమాన్లు హౌసింగ్ కింద ఉంటే లావు వైపు పినియన్ వైపుకి, పైన ఉంటే వెనక్కి. వెడ్జ్ వేశాక సెంటర్ బోల్ట్ (కమాన్ పట్టీలను కలిపే బోల్ట్) తల హౌసింగ్ గుంటలోకి పూర్తిగా దిగకపోతే పొడుగు బోల్ట్ మార్చండి. లేదంటే బ్రేక్ వేసినప్పుడు హౌసింగ్ జరుగుతుంది. యూ-బోల్ట్‌లు కొత్తవి వేసి 200 కి.మీ. తర్వాత మళ్లీ బిగించండి. ముందు హౌసింగ్‌ని మాత్రం ఇలా తిప్పవద్దు, క్యాస్టర్ (ముందు చక్రాల స్టీరింగ్ వాలు) మారి స్టీరింగ్ పాడవుతుంది.

గేర్‌బాక్స్ 20 మి.మీ. దించితే ఇంజిన్ ముందు భాగం లేస్తుంది కాబట్టి ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఖాళీ, ముందు షాఫ్ట్‌కీ సంప్‌కీ మధ్య ఖాళీ చూడండి. కమాన్లు పూర్తిగా వేలాడినప్పుడు స్లిప్ జాయింట్ విడిపోకూడదు, పూర్తిగా నలిగినప్పుడు అడుగు తాకకూడదు. మామూలు ఎత్తులో లోపలికి 20-25 మి.మీ. జాగా ఉంచండి.

ఉప్పల్_జీపు:
యోక్‌లు వరుసలోనే ఉన్నాయి. క్రాస్ మెంబర్ దించి, వెడ్జ్ వేశాం. అవుట్‌పుట్ 5.2, షాఫ్ట్ 7.5, పినియన్ 4. తొక్కితే 80 దాకా అదురు లేదు. కాలు తీస్తే 70 దగ్గర సన్నగా వస్తోంది.

మౌలాలీ_4x4:
కాలు తీసినప్పుడు పినియన్ మూతి కిందికి దిగుతుంది. తేడా పెరిగి ఆ సన్నని అదురు వస్తుంది. మొదట వెనక కమాన్ల బుష్‌లు, షాకిల్ పిన్‌లు చూడండి. వదులుగా ఉంటే హౌసింగ్ అవసరానికి మించి మెలికపడుతుంది. అవి బాగుంటే 3 డిగ్రీల వెడ్జ్ బదులు 3.5 వేయండి, అంతకు మించవద్దు. క్లచ్ తొక్కి వదిలినా మార్పు లేకపోతే షాఫ్ట్ వైపే. తొక్కగానే తగ్గితే అడాప్టర్ ప్లేట్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే ప్లేటు) దగ్గర బెల్ హౌసింగ్ (క్లచ్ డబ్బా) రంధ్రం క్రాంక్‌కి నడిమధ్యలో ఉందో లేదో డయల్ గేజ్‌తో చూడండి. తిప్పితే ముల్లు మొత్తం 0.25 మి.మీ. కన్నా ఎక్కువ కదలకూడదు.

ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించారా? మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 కింద ఇంజిన్ మార్పుకి ఆర్‌టీఓ అనుమతి కావాలి. ఇన్సూరెన్స్‌కీ చెప్పాలి.