భీమవరం శివార్లలో ఆదాయం పెరిగిందా, మనుషులు మారారా?

చినఅమిరం వాసి:
చినఅమిరం, పెదఅమిరం, రాయలం వైపు ఒకప్పుడు వరిచేలు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు కనిపిస్తున్నాయి. తెల్లకార్డులు తగ్గుతున్నాయి, స్థలాల ధరలు పెరిగాయి. ఇక్కడి కుటుంబాల ఆదాయం పెరిగిందనడానికి ఇంతకంటే ఆధారం అవసరం లేదని నా అభిప్రాయం. విభేదించేవారు కారణాలు చెప్పగలరు.

కాలువగట్టు:
మీరు చూపిన రెండింటిలో ఏదీ ఆదాయాన్ని నేరుగా కొలవదండి. తెల్లకార్డు స్థానంలో వచ్చిన బియ్యం కార్డుకు పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల ఆదాయ పరిమితి పెట్టారు. అయితే నెలకు సగటున 300 యూనిట్లకు మించి కరెంటు వాడినా, కుటుంబంలో ఒకరు ఆదాయపు పన్ను కట్టినా కార్డుకు అర్హత పోతుంది. ఇక స్థలం ధర పెరిగితే అద్దెకున్నవాడికి మిగిలేది పెరిగిన అద్దె మాత్రమే.

అసలు ప్రశ్న ఈ శివార్లను నింపుతున్నది ఎవరన్నది. 2001, 2011 జనగణనల మధ్య ఉమ్మడి పశ్చిమ గోదావరి జనాభా దాదాపు 38 లక్షల నుంచి 39.4 లక్షలకు, అంటే సుమారు మూడున్నర శాతమే పెరిగింది. జిల్లా జనాభా ఇంత నెమ్మదిగా పెరుగుతున్నప్పుడు ఒక శివారు మాత్రం వేగంగా నిండుతోందంటే, అది అక్కడి కాన్పుల వల్ల కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవారి వల్లనే. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులతో నిలదొక్కుకున్న కాళ్ళ, ఉండి, ఆకివీడు వైపు రైతులు పిల్లల చదువుల కోసం ఇక్కడ ఇళ్లు కొన్నారు. 1980 నుంచి ఉన్న ఇంజనీరింగ్ కళాశాల చుట్టూ హాస్టళ్లు వెలిశాయి. 2022 ఏప్రిల్‌లో భీమవరం జిల్లా కేంద్రమయ్యాక ఉద్యోగులూ వచ్చారు. పిల్లలు విదేశాల్లో స్థిరపడగా ఫ్లాట్లలో ఒంటరిగా ఉంటున్న వృద్ధ దంపతులు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

పది ఇళ్ల వీధిలో నాలుగు పాకలు లేచిపోయి వాటి చోట ఉద్యోగుల ఫ్లాట్లు కడితే, మునుపటి వారిలో ఒక్కరి కూలీ కూడా పెరగకుండానే ఆ వీధి సగటు ఆదాయం పెరుగుతుంది. ఊడ్పులకూ కోతలకూ మనుషులు బారులు తీరిన భూమి చెరువైతే, కాపలాకూ మేత వేయడానికీ ఇద్దరు ముగ్గురు చాలు. పని పోయిన కూలీ, అద్దె భరించలేక ఇంకా లోపలి ఊరికి తరలిపోతే, అతని పేదరికం మన లెక్కలో కనిపించదు గానీ తగ్గినట్టు కాదు.

చినఅమిరం వాసి:
మీ వాదన కొంతవరకు అంగీకరిస్తాను. అయితే పొలం అమ్ముకున్న పాత కుటుంబాలు నిజంగానే బాగుపడ్డాయి కదా? వారు బయటినుంచి వచ్చినవారు కారు.

కాలువగట్టు:
భూమి సొంతంగా ఉన్నవారు బాగుపడ్డారు, సందేహం లేదు. అదే పొలాన్ని ఏళ్ల తరబడి కౌలుకు సాగు చేసిన కుటుంబానికి అమ్మకంలో పైసా రాలేదు, పైగా సాగూ పోయింది. ఒకే ఊరివారు ఇలా రెండు దారుల్లో పోయినప్పుడు సగటు చూపి వాదించడం సరికాదు. జనగణన ఆదాయం అడగదు. పుట్టిన ఊరు, ఇంతకుముందు నివసించిన చోటు మాత్రం అడుగుతుంది. కాబట్టి వీధివారీగా మనమే మూడు విషయాలు నమోదు చేద్దాం: కుటుంబం ఎప్పుడు వచ్చింది, ఇల్లు సొంతమా అద్దెదా, ఆ చోట ముందున్నవారు ఎక్కడికి వెళ్లారు. మీ వీధితో మొదలుపెట్టడానికి మీరు సిద్ధమైతే, నేను కాలువ అవతలి వీధులు చూస్తాను.