అప్‌డేట్: గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత భుజం నొప్పి

లాపరోస్కోపీలో (చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేశాక పొట్ట కంటే కుడి భుజమే ఎక్కువ నొప్పెడుతోంది, గుండెకేమైనా అయిందా అని అడిగాను కదా. సర్జన్‌కి చూపించాను. ఈసీజీ తీసి, గుండెకేం లేదన్నారు. ఆపరేషన్‌కి పొట్టను ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. దానివల్ల డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, ఒరిసినట్టవుతుంది. దాని నరమూ, భుజానికి స్పర్శనిచ్చే నరాలూ మెడలో ఒకే చోట మొదలవుతాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. ఈ ముక్క డిశ్చార్జి రోజే చెప్పి ఉంటే ఇంటిల్లిపాదికీ అంత టెన్షన్ ఉండేది కాదు!

వరండాలో మెల్లగా అటూ ఇటూ నడవడం, భుజానికి వేడినీళ్ల బ్యాగు, రాసిచ్చిన పారాసిటమాల్, అంతే. భుజం నొప్పి పూర్తిగా పోయింది. బొడ్డు దగ్గర కుట్టు మాత్రం దగ్గితే ఇంకా లాగుతోంది. నాకు గాల్‌బ్లాడర్‌ని అక్కడి నుంచే బయటికి తీశారు. దగ్గు వచ్చేలా ఉంటే దిండు పొట్టకి అదిమి పట్టుకుంటున్నాను, చాలా నయం. అత్తయ్య పథ్యం సంగతి అడక్కండి, ఆవకాయ జాడీ అటక మీదకెక్కింది.

ఇదే ఆపరేషన్ అయినవాళ్లకి ఒక మాట: జ్వరం, కళ్లు పచ్చబడడం, ఆగని వాంతులు, రోజురోజుకీ పెరిగే కడుపునొప్పి, ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే గ్యాసేలే అని ఊరుకోకుండా వెంటనే రమ్మన్నారు.