వానల్లో నకిరేకల్ నుంచి బందరు: ఒక్కరోజులో పోయి రావొచ్చా?

ప్రశ్న (నకిరేకల్ నుంచి)

ఆగస్టులో ఒక ఆదివారం కారులో మచిలీపట్నం పోదామనుకుంటున్నం. ఐదుగురం. అమ్మకు 68, మోకాళ్ల నొప్పులు. తెల్లారగట్ల 4కు బయల్దేరి రాత్రి 10 లోపు ఇల్లు చేరాలె. డచ్చివాళ్ల సమాధులు, మంగినపూడి బీచ్, పెడన కలంకారీ, చిలకలపూడి పాండురంగ గుడి చూడాలని ఉన్నది. వాన పడితే ఏది ముందు చూడాలె, ఏది వదిలెయ్యాలె? రోడ్డు సంగతి కూడా చెప్పండి.

జవాబు (కోదాడ నుంచి)

సుమారు 230 కిలోమీటర్లు. దారి తప్పే పని లేదు, మీ ఊరి మీదుగ పోయే 65వ నంబరు హైవే పుణెల మొదలైతది, బందరుల ఆగుతది. విజయవాడ 7 లోపు దాటండి. లేటైతే బెంజి సర్కిల్ దగ్గర్నే అరగంట పోతది. ఆ తర్వాత కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. తొమ్మిది లోపు ఊళ్లె ఉంటరు.

భయం బందరు వానతోని కాదు, నడుమ వాగులతోని. కోదాడ దాటినంక పాలేరు, నందిగామ దగ్గర ఐతవరం కాడ మున్నేరు. 2023 జులైల ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి బండ్లు ఆగినయ్. 2024 సెప్టెంబరు 1న మళ్లీ అదే కథ, పాలేరు కూడా తోడైంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఏందంటే, మున్నేరుకు నీళ్లు ఖమ్మం, మహబూబాబాద్ దిక్కు నుంచి వస్తయి. మన దగ్గర ఎండ కొడుతున్నా ముందు రోజు రాత్రి అక్కడ దంచితే పొద్దునకు ఐతవరంల కనబడతది. అందుకని శనివారం ఖమ్మం వార్త చూడండి, నకిరేకల్ ఆకాశం కాదు.

హైవే బందైతే నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, దాచేపల్లి, పిడుగురాళ్ల, గుంటూరు. 2024ల బండ్లను ఇట్లనే మళ్లించిన్రు. గుంటూరు నుంచి విజయవాడకే పోవాలని లేదు, తెనాలి, రేపల్లె మీదుగ పెనుమూడి వంతెన దాటి అవనిగడ్డ నుంచి బందరు చేరొచ్చు. కాకపోతే ఆ చుట్టుతోని ఒక్కరోజు ట్రిప్పు కుదరదు, రాత్రి ఉండాలె.

పారే నీళ్లల్ల కారు దించొద్దు. నిలిచిన నీళ్లల్ల ఇంజిన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలి పైపు నుంచి సిలిండర్లకు నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతది. తోసి బయటికి తీయాలె, అంతే.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

ఊళ్లె వరుస నేను చెప్త. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌ల మచిలీపట్నం రాడార్ బొమ్మ ఉంటది. ఉయ్యూరు దగ్గర టీకి ఆగినప్పుడు చూస్కోండి, గంట రెండు గంటల వాన అంచనా దొరుకుతది. ఓడరేవుల 1వ నంబరు హెచ్చరిక అంటే వాయుగుండం ఇంకా దూరంగ ఉన్నదని, దానికి ట్రిప్పు ఆపక్కర్లే. 3 ఎగరేసిన్రంటే బీచ్ మాట మర్చిపోండి.

ముందు సమాధులు. 1605లనే డచ్చివాళ్లు బందరుల దిగిన్రు, ఇంగ్లిషువాళ్లు 1611ల. అప్పుడిది గోల్కొండ రేవు. గోల్కొండ నుంచి హయత్‌నగర్ మీదుగ పోయే పాత బాట అక్కడికే. రాళ్ల మీద వంశ చిహ్నాలు, అక్షరాలు చెక్కి ఉంటయి. మబ్బు వెలుతురుల అవి రాయిల కలిసిపోతయి, ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగ పట్టండి, లేచి కనబడతయి. గడ్డి తడిగ ఉంటది, చెప్పులు కాదు, బూట్లు వేస్కోండి. అమ్మగారిని గేటు దగ్గర కూర్చోబెట్టుడే మంచిది.

తర్వాత గుడి. కార్తీకంల కాలు పెట్టే సందుండదు గాని ఆగస్టుల ఖాళీ.

మంగినపూడిల ఇసుక తెల్లది అనుకోకండి, నల్ల బంకమట్టి కలిసిన ఒండ్రు. తడిస్తే సబ్బు తీరు జారుతది. కారు రోడ్డు మీదనే ఆపాలె, మట్టిల దించితే ముందు చక్రాలు గిర్రున తిరుగుడే తప్ప బండి కదలదు. ఇది ఇప్పటి బాధ కాదు. తీరం పొడుగునా లోతు తక్కువ, అందుకే పాతకాలం ఓడలు దూరంగ లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు వచ్చేది. పూడిక, 1864 నవంబరు 1 తుపాను కలిసి ఆ రేవును దెబ్బతీసినయ్. ఆ ఒక్క ఉప్పెనల సుమారు 30 వేల మంది పోయిన్రు.

జవాబు (పుట్టపాక నుంచి)

పెడన బందరుకు పది కిలోమీటర్ల లోపే. కాని వాన రోజు పని చూద్దామని పోతే సగమే దొరుకుతది. మన తేలియా రుమాలుకు నూలుకు నూనె పట్టించినట్టు అక్కడ గుడ్డకు కరక్కాయ, పాలు పట్టిస్తరు, దాన్ని ఎండల ఆరబెట్టాలె. నలుపుకు ఇనుప ముక్కలు బెల్లం నీళ్లల్ల నానబెడతరు, ఎరుపు వచ్చే చోట పటిక అచ్చు వేస్తరు. రంగు నీళ్లల్ల ఉడకబెట్టే ముందు పటిక ఆరకుంటే అంచులు పాకి పువ్వు మసక అయితది. అందుకే ముసురు పట్టినప్పుడు ఎండబెట్టుడు, కాలువల ఉతుకుడు ఆపేస్తరు. కప్పు కింద టేకు అచ్చులు చెక్కుడు, అచ్చు వేసుడు ఉంటే చూడొచ్చు.

కొనేటప్పుడు తడి రుమాలుతోని ఎరుపు మీద రుద్దండి, రంగు అంటొద్దు. అచ్చు అచ్చుకు నడుమ అతుకు వెంట్రుకంత తేడాతోని కనబడాలె. మొత్తం ఒకే తీరు నున్నగ ఉంటే స్క్రీన్ ప్రింట్, దానికి కలంకారీ ధర పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు

అట్లయితే సమాధులు, గుడి, పెడన. బీచ్ వాన తెరిపిస్తేనే. ఎన్నింటికి తిరుగు ముఖం పట్టాలె?

జవాబు (కోదాడ నుంచి)

4కు. డెల్టా రోడ్ల పక్కన కాలువలుంటయి, చీకట్ల వానల అంచు కనబడదు, వెలుతురు ఉండంగనే విజయవాడ దాటండి. తొక్కుడు లడ్డు కొంటే గట్టి మూత డబ్బాల పెట్టించుకోండి, అట్ట డబ్బా ఈ తేమకు ఆగదు.