రాజీనామా ఇచ్చాక ఇలా చేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న:
హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లుగా చేస్తున్నానండి. పోయిన నెల పేపర్లు పెట్టాను, నోటీస్ 90 రోజులు. అప్పట్నుంచి మేనేజర్ మాట్లాడటం మానేశాడు, టీమ్ గ్రూపులోంచి తీసేశారు, నా పని ఎవరికి అప్పజెప్పాలో అడిగితే సమాధానం లేదు. నిన్న హెచ్ఆర్ పిలిచి, రాజీనామా వెనక్కి తీసుకోకపోతే ఉద్యోగం నుంచి వదిలినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆలస్యమవుతుంది, ఇన్నేళ్ల సర్వీసుకి రావాల్సిన గ్రాట్యుటీ డబ్బు సంగతి తర్వాత చూద్దాం అంది. కొత్త కంపెనీలో లెటర్ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది. ఇన్నేళ్లు చేసినందుకు ఇదేనా మర్యాద?

జవాబు 1:
గ్రాట్యుటీ వాళ్లు దయతలచి ఇచ్చేది కాదండి. ఐదేళ్లు నిండాయి కాబట్టి రాజీనామా చేసినా ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన 30 రోజుల్లోపు ఇవ్వాల్సిందే, ఆలస్యమైతే వడ్డీతో సహా. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అనే చట్టం అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం మానేసినవాళ్ల జీతం బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. హెచ్ఆర్ అన్న మాటలన్నీ మెయిల్‌లో రాసి, ఇలా అన్నారు కదా, నిర్ధారించండి అని అడగండి, నోటిమాటకు సాక్ష్యం ఉండదు. పీఎఫ్‌లో మానేసిన తేదీ వాళ్లు వేయకపోతే రెండు నెలలయ్యాక మీరే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో వేసుకోవచ్చు.

జవాబు 2:
విజయవాడలో నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది, యజమానిగా చెప్తున్నా. పెళ్లిళ్ల సీజన్లో ఆఫ్‌సెట్ మిషన్ నడిపే కుర్రాడు వెళ్తానంటే ప్రాణం ఉసూరుమంటుంది, కాదనను. అయినా ఎప్పటికల్లా వెళ్లాలి అని అడుగుతాను, అతని చేతిలో ఏ పార్టీల కార్డులున్నాయో, ఎవరు అడ్వాన్స్ ఇచ్చారో నోటుబుక్కులో రాయించి పక్కవాడికి దగ్గరుండి చూపించమంటాను, చివరి రోజు సాయంత్రానికి లెక్క తేల్చి డబ్బు చేతిలో పెడతాను. మిగతావాళ్లు అన్నీ చూస్తూనే ఉంటారు, రేపు మన గతీ ఇంతేనా అనుకుంటే మనసుపెట్టి పనిచేస్తారా? అలా వెళ్లిన ఒకతను గుంటూరులో షాపు పెట్టుకున్నాడు, తన మిషన్ మీద కాని పెద్ద ఆర్డర్లు ఇప్పటికీ నాకే పంపుతాడు. మీ మేనేజర్‌కి ఇది తట్టకపోవడం నిజంగా బాధగా ఉంది.

జవాబు 3:
పైన ఇద్దరూ చెప్పింది సరే, కానీ కోపంలో నోటీస్ మధ్యలో వదిలేయకండి. బలవంతంగా పని చేయించే హక్కు ఎవరికీ లేదు గానీ, ఒప్పందంలో ఉంటే మిగిలిన రోజుల జీతం కోస్తారు. అప్పజెప్పాల్సిన పనంతా మీరే ఒక పత్రంలో రాసి మేనేజర్‌కీ హెచ్ఆర్‌కీ పంపండి, ల్యాప్‌టాప్ తిరిగిచ్చినప్పుడు రసీదు తీసుకోండి. కొత్త కంపెనీకి కూడా విషయం ముందే చెప్పండి, చాలాచోట్ల రాజీనామా ఆమోదించిన మెయిల్, జీతం స్లిప్పులు చూసి చేర్చుకుంటారు.