సైకీ వాల్వు మొరాయించింది: జెనాన్ అదుపుకు కదిలే భాగాలు అవసరమా?

కక్ష్య77:
2025 ఏప్రిల్ 1న, గ్రహశకలం వైపు నాసా పంపిన సైకీ వ్యోమనౌకలో, థ్రస్టర్లకు (నౌకను నెట్టే విద్యుత్ ఇంజన్లకు) జెనాన్ వాయువు అందించే లైనులో ఒత్తిడి 36 పీఎస్‌ఐ నుంచి 26కి పడిపోయింది. థ్రస్టర్లు ఆగిపోయాయి. ఒక వాల్వు లోపలి భాగం సరిగా పనిచేయక వాయువుకు అడ్డుపడిందని తేలింది. రెండో లైనుకు మార్చి, జూన్‌లో మళ్లీ నడిపించారు.
నేనైతే వాల్వు బదులు థర్మోథ్రాటిల్ పెడతాను. సన్నటి గొట్టానికి కరెంటు ఇస్తే వేడెక్కుతుంది. వేడికి జెనాన్ స్నిగ్ధత, అంటే జిగురుతనం, పెరిగి ప్రవాహం తగ్గుతుంది. రష్యా ఎస్‌పీటీ-100 థ్రస్టర్లలో వాడింది ఇదే. అరిగేదీ లేదు, ఇరుక్కునేదీ లేదు.

వాల్వు మేస్త్రి:
కక్ష్య గారూ, ఆ గొట్టం ప్రవాహాన్ని తగ్గిస్తుందే గానీ ఆపలేదు. ఆపడానికి పైన వాల్వు ఉండాల్సిందే. ట్యాంకు ఒత్తిడిని దించడానికీ వాల్వే కావాలి.

కక్ష్య77:
ఆపడం గురించి నేను మాట్లాడలేదండీ. అదుపు గురించి అన్నాను. ప్రవాహం పెరిగితే డిశ్చార్జి కరెంటు, అంటే థ్రస్టర్‌లో జెనాన్ గుండా పారే కరెంటు, పెరుగుతుంది. అది చూసుకుంటూ వేడి సర్దితే చాలు.

సాగరతీరం:
1998లో వెళ్లిన నాసా నౌక డీప్ స్పేస్ 1లో సొలెనాయిడ్ (విద్యుదయస్కాంతంతో కదిలే) వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ చిన్న ట్యాంకులో ఒత్తిడి నిలబెట్టాయి. బాగానే పనిచేశాయి కదా!

వాల్వు మేస్త్రి:
పైగా వేడి ఎక్కడానికీ దిగడానికీ టైమ్ పడుతుంది. వాల్వు అంత ఆలస్యం చేయదు.

కక్ష్య77:
మళ్లీ వాల్వే! మీ చేతి పని కాబట్టి వెనకేసుకొస్తున్నారు. మా ల్యాబ్‌లో ఫ్లో కంట్రోలర్ వాల్వు పట్టేసి ఆరు నెలల పరీక్ష మట్టిలో కలిసింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

పద్మజ_హెచ్‌వైడీ:
ఇద్దరూ కాస్త నెమ్మది.

వాల్వు మేస్త్రి:
నా చేతి పని అన్నారు కాబట్టి చెబుతున్నా. పన్నెండేళ్లు గ్యాస్ వాల్వులు బిగించాను. ఒకటి లీకైంది. విప్పి మైక్రోస్కోపు కింద పెడితే సీటు (వాల్వు మూత వచ్చి ఆనే చోటు) మీద తళుక్కుమనే లోహపు పొట్టు, ఇసుక రేణువంత కూడా లేదు. గొట్టం కోసిన చోట అంచు శుభ్రం చేయలేదు. అది నా దగ్గరికి రాకముందు జరిగిన పని. మెమో మాత్రం నాకిచ్చారు. అదే పొట్టు మీ సన్నగొట్టంలో పడితే?

కక్ష్య77:
మెమో సంగతి బాధాకరం, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నేను అడిగేదీ అదేనండీ. అక్కడికి వెళ్లి ఎవరూ బాగుచేయలేరు. మనిషి పొరపాటు చేసినా తట్టుకునే డిజైన్ కావాలి.

వాల్వు మేస్త్రి:
చేతులు పడని డిజైన్ ఉండదు. సైకీని గట్టెక్కించిన రెండో లైనును కూడా ఎవరో కడిగి, బిగించి, లీకు చూసే ఉంటారు. భాగాలు తగ్గించడం కాదు, ఆ పనికి టైమ్ ఇవ్వమంటున్నా.

కక్ష్య77:
మీ లైనులో ఫిల్టర్ లేదా?

వాల్వు మేస్త్రి:
ఉంది. పొట్టు ఫిల్టర్ దాటాక వచ్చే గొట్టంలోది.