సొంతంగా అచ్చేసుకున్న నవలల సమీక్షలో తప్పులు ఎంతవరకు ఎత్తిచూపాలి?

నమస్కారమండీ. సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునే కొత్త రచయితల నవలల మీద సమీక్షలు రాస్తుంటాను. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు అయ్యేసరికి ప్రేమకథలు, చారిత్రకాలు, దెయ్యాల కథలు, సైన్స్ ఫిక్షన్ అన్నీ కలిపి టేబుల్ నిండిపోతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక డిటెక్టివ్ నవల. కథ పరుగెడుతోంది. చేపల రేవులో హత్య, వేలంపాట లెక్కల చిట్టాలో దొరికే ఆధారం, చాలా బాగా కుదిరాయి. కానీ మొదట్లో సూరిబాబుగా ఉన్న ఎస్సై సగంలో చంటిబాబు అయిపోయాడు! ఒత్తులు చాలాచోట్ల ఎగిరిపోయాయి. కొన్ని సంభాషణలు ఎవరివో రెండుసార్లు చదివితే గానీ తెలియట్లేదు. పెద్ద ప్రచురణకర్త వేసిన పుస్తకమైతే మొహమాటం లేకుండా రాసేసేదాన్ని. ఇక్కడ ఎడిటరూ, ప్రూఫ్‌రీడరూ, డబ్బు పెట్టినవాడూ ఒక్కడే. పైగా ఇప్పుడు యాభై, వంద కాపీలు కూడా వేసుకోవచ్చు కాబట్టి తర్వాతి విడతలో దిద్దుకునే వీలుంది.

ముందు రచయితకు విడిగా చెప్పి ఆగాలా, లేక డబ్బు పెట్టి కొనే పాఠకుడి కోసం సమీక్షలోనే రాయాలా? ఆ చిట్టా సంగతి చెప్పకుండా నవల బలం ఎలా చూపించాలి?

ఇంకొకటి. దెయ్యాల కథలు నాకసలు ఎక్కవు. అలాంటివి తిప్పి పంపేస్తే తప్పా? మీరైతే ఏం చేస్తారు?