ఉరిమినప్పుడు కుక్కను దగ్గరకు తీసుకుంటే భయం ముదురుతుందా?

మోతీ_వాళ్లిల్లు (విజయవాడ):
ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రాలు గాలిదుమారం, ఆ వెంటే ఉరుములు. మనకింకా మబ్బు కనబడకముందే మంచం కింద దూరి, రొప్పుతూ వణికే కుక్కలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాటి గురించి రెండు సలహాలు తిరుగుతున్నాయి, ఒకదానికొకటి పొసగవు. "ఆ టైములో ముద్దు చేస్తే భయపడినందుకు మెచ్చుకున్నట్టే, పట్టించుకోకండి" అని ఒకటి. "దగ్గరకు తీసుకోండి, ఏమీ కాదు" అని రెండోది. పైగా మాత్రలు వేయాలా వద్దా అన్న గొడవ. తెలిసినవాళ్లు కారణాలతో రాయండి. "మా దానికి తగ్గింది" అన్న ఒక్క ముక్క పక్కింటి కుక్కకు పనికిరాదు.

పాతకాలం_ట్రైనర్ (రాజమండ్రి):
నేను మొదటి సలహా వైపు. ఏ పని చేస్తే లాభం దక్కిందో కుక్క ఆ పని మళ్లీ చేస్తుంది. శిక్షణంతా దీనిమీదే నడుస్తుంది. ఉరిమింది, మోకాలి మీద గోకింది, మీరు ఒళ్లోకి తీసుకున్నారు. రేపు నాలుగు చినుకులు పడినా గోకుతుంది. ఇంకో సంగతి. "అయ్యో బంగారం, ఏమైందిరా" అంటూ ఇల్లంతా దాని వెంట తిరిగేవాళ్లుంటారు. మనిషే కంగారుపడుతుంటే ఏదో ముంచుకొస్తోందనే కుక్కకు అనిపిస్తుంది. మీ పని మీరు చేసుకుంటూ మామూలుగా ఉండండి, మిమ్మల్ని చూసి కుదుటపడుతుంది.

పశువైద్యం_గుంటూరు:
ట్రైనర్ గారూ, మీ సూత్రం పనులకు వర్తిస్తుంది. గోకడం పని. భయం పని కాదు. గుండె దడ, చొంగ, కాళ్ల వణుకు కుక్క కావాలని చేసేవి కావు కాబట్టి వాటికి బహుమతి ఇవ్వడమన్న మాటే లేదు. జ్వరంతో మూలుగుతున్న పిల్లాడి తల నిమిరితే జ్వరం పెరగదు కదా.

అమెరికాలో డ్రెషెల్, గ్రాంజర్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు బాగా దగ్గర. ఉరుములకు భయపడే కుక్కలకు గాలివాన రికార్డింగు వినిపించి, లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. అది 207 శాతం పెరిగింది. 40 నిమిషాలు గడిచినా మామూలు స్థాయికి దిగలేదు. యజమాని ఓదార్చాడా, ఊరుకున్నాడా అన్నదాన్ని బట్టి ఆ అంకె మారలేదు. ఇంట్లో ఇంకో కుక్క ఉన్నవి మాత్రం తొందరగా తేరుకున్నాయి. అంటే ఓదార్పు వల్ల భయం ముదరదు, ఒక్క ఓదార్పుతోనే తగ్గనూ తగ్గదు. రెండూ గుర్తుంచుకోవాలి.

కంగారు విషయంలో మీరన్నదే నిజం. తల మీద టపటపా తట్టడం, పైనుంచి వంగి గట్టిగా వాటేసుకోవడం పనికిరావు. అలా పట్టుకుంటే కదలడానికి వీల్లేక చిక్కుకుపోయాననిపించి కొన్ని కరుస్తాయి కూడా. నేల మీద పక్కన కూర్చుని, భుజం నుంచి నడుము దాకా అరచేయి ఆనించి నిదానంగా నిమరండి. నాలుగైదు సార్లు నిమిరి చెయ్యి తీసేయండి. అది మీవైపు ఒరిగితే మళ్లీ నిమరండి, ముఖం తిప్పుకుంటే వదిలేయండి. మంచం కింద ఉన్నదాన్ని మాత్రం బయటికి లాగొద్దు.

ఇండీ_దోస్త్ (వరంగల్):
నిమురుడు గురించి కొట్లాడే ముందు అది ఎక్కడ దాక్కుంటదో చూడాలె. చాలా కుక్కలు బాత్రూంలకు పోతయి. కిటికీ చిన్నగ ఉంటది, మెరుపు అంతగ కనబడది. అది ఎంచుకున్న జాగ అదే అయితే ఆడనే ఉండనియ్యాలె. కింద గోనెసంచో పాత దుప్పటో వేసి, తలుపు తీసిపెట్టాలె. బయటనుంచి గడియ పెడితే తలుపు గోకి గోర్లు ఊడగొట్టుకుంటది, గ్రిల్లు కొరికి పండ్లు విరగ్గొట్టుకుంటది. గొలుసుతోని కట్టెయ్యొద్దు, మేడ మీద అసలే వద్దు. పిట్టగోడ దుంకితే మెడకు ఉరి పడుతది. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాసి ఉండాలె, గేటు సందులకెళ్లి ఉరికినంక వెతుకుడు కష్టం.

చప్పుడు కప్పెటందుకు కూలర్, టీవీ పెట్టమంటరు. మంచిదే. కానీ మన దగ్గర గాలిదుమారం లేవంగనే కరెంటు పోతది. కూలర్ చప్పుడు ఆగుడు, చీకటి, ఉరుము అన్నీ ఒక్కసారే. అదేపనిగ రెండుమూడు సార్లైతే, కరెంటు పోతేనే వణుకుడు నేర్చుకుంటది. అందుకే బ్యాటరీ స్పీకరుకు ముందుగాలనే ఛార్జింగ్ పెట్టుకోవాలె, ఇన్వర్టర్ ఉంటే దాని మీద టేబుల్ ఫ్యాను నడవాలె. ఒంటికి బిగుతుగ తొడిగే చొక్కాలు అమ్ముతరు గదా, మే నెల ఉక్కపోతల అవి జర ప్రమాదం. కుక్క రొప్పేది భయానికా వేడికా తెల్వకుండ పోతది. తొడిగితే పక్కనే ఉండాలె, నాలుక ముదురు ఎరుపుకు తిరుగుతే వెంటనే విప్పాలె.

శబ్ద_శిక్షణ (హైదరాబాద్):
ఓదార్పు కంటే బాగా పనిచేసేది తిండి, అయితే వరుస తప్పకూడదు. ఉరుము ముందు, ముక్క తర్వాత. మబ్బు చూడగానే చికెన్ డబ్బా తీసి పెట్టడం మొదలుపెడితే వరుస తిరగబడుతుంది. అప్పుడు డబ్బా మూత చప్పుడే ఉరుముకు ముందు వచ్చే గుర్తైపోతుంది. నాలుగు వానల్లో చికెన్ చూసి కూడా పారిపోతుంది. "తిండి పెట్టినా లాభం లేదు" అనేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే.

ఉప్పు, ఉల్లి వేయకుండా ఉడికించి, ఎముకలు తీసిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేయండి. ఒక గాలివానకు 40, 50 కావాలి. ఆ రోజు అన్నం ఆ మేరకు తగ్గించండి. ఉరిమిన రెండు సెకన్లలోపు నోటి దగ్గర ఒక ముక్క, ఉరిమిన ప్రతిసారీ. కూర్చోమనొద్దు, వణుకుతున్నా పెట్టండి. ఇది ఉరుముకు ఇచ్చే తిండి, మంచి నడవడికకు కాదు. ముక్క ముట్టకపోతే భయం హద్దు దాటిందని అర్థం. పళ్లెంలో పెరుగు పూసి నాకించి చూడండి. అదీ వద్దంటే ఆ పూట ఆపేయండి.

స్టెఫానీ రీమర్ అనే పరిశోధకురాలు 2020లో ప్రచురించిన సర్వేలో 1,225 మంది యజమానులు టపాసుల భయం గురించి చెప్పారు. చప్పుడైన వెంటనే తిండి, ఆట ఇచ్చినవాళ్లలో 70 శాతం పైగా మేలైందన్నారు. బిగుతు చొక్కాలకు 44 శాతమే. యజమానులు చెప్పిన మాటలే కాబట్టి ఆ అంకెల్ని ఆ మేరకే తీసుకోవాలి.

రికార్డింగులతో అలవాటు చేయడానికి డిసెంబరు, జనవరి మంచివి, ఉరుములు తక్కువగా ఉండే కాలం. ఫోన్ స్పీకరులో ఉరుము గొంతు సగం కూడా రాదు, గుండెల్లో తగిలే మోతంతా తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది. బేస్ పలికే పెద్ద స్పీకరు కావాలి. చెవి ఒక్కసారి కదిలి ఊరుకునేంత తక్కువలో మొదలుపెట్టి, రోజుకు ఐదు నిమిషాలు. మూడు రోజులు నిశ్చింతగా ఉంటేనే ఒక గీత పెంచాలి. రికార్డింగుకు అలవాటైన కుక్క నిజం ఉరుముకు మళ్లీ వణికితే నిరాశపడొద్దు. గాలి, మెరుపు, మట్టివాసన, గాలి ఒత్తిడి రికార్డింగులో ఉండవు.

పాతకాలం_ట్రైనర్ (రాజమండ్రి):
తిండి వరుస గురించి చెప్పింది ఒప్పుకుంటున్నా. మాత్రలు మాత్రం ఒప్పుకోను. మత్తిచ్చి పడుకోబెడితే కుక్క నేర్చుకునేది ఏమీ ఉండదు.

పశువైద్యం_గుంటూరు:
మత్తు వేరు, భయం తగ్గించడం వేరు. ఏసీప్రోమజైన్ అనే మత్తుమందు మీరన్నట్టే చేస్తుంది. కాళ్లు లేవవు, కళ్లు మూతలు పడతాయి, చెవులు మాత్రం వింటూనే ఉంటాయి. బయటికి ప్రశాంతంగా కనిపిస్తూ లోపల భయపడుతుంది, చప్పుళ్లకు ఇంకా ఉలిక్కిపడొచ్చు. భయానికి అదొక్కటే ఇవ్వడం తప్పు. మందుల షాపులో ఏవిల్ కొని వేసేవాళ్లున్నారు, అది అలర్జీ మందు, మగత తప్ప భయానికి ఏమీ చేయదు. ట్రాజోడోన్, గబాపెంటిన్, ఆల్ప్రజోలామ్ వంటివి భయాన్నే దించుతాయి. భయం దిగిన కుక్కే చికెన్ ముక్క తింటుంది, అంటే శిక్షణకు దారి తెరిచేది మాత్రే.

మోతాదు బరువును, కాలేయాన్ని, వేరే మందుల్ని బట్టి ఉంటుంది, ఇక్కడ రాయను. కానీ డాక్టరుకు మీరు చెప్పాల్సిన సంగతి ఒకటుంది: పేలకు, గోమార్లకు అమిట్రాజ్ మందు కలిపి స్నానం చేయిస్తున్నారా? చేయిస్తుంటే ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమైన్ లాంటి భయం మందులు ఇవ్వకూడదు. మనుషుల సిరప్పులు వాడొద్దు, కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కకు విషం. ఉరుములు లేని రోజున ఒకసారి వేసి చూడండి. ఆల్ప్రజోలామ్‌కు నెమ్మదించే బదులు ఆవేశం వచ్చే కుక్కలున్నాయి, అది వాన రోజున తెలిస్తే లాభం లేదు.

నెల్లూరు_మబ్బు:
మాత్ర విఫలమయ్యేది ఎక్కువగా గడియారం వల్లే. ట్రాజోడోన్ పనికి గంట, గంటన్నర కావాలి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పడే పిడుగుల్ని చూపిస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మబ్బు 40 కిలోమీటర్ల దూరంలో ఉందంటే మీకు మిగిలింది గంటే. అసలు ఉరుము అంతకన్నా ముందే వినిపిస్తుంది. అందుకే దామిని ఒక్కటే చాలదు, వాతావరణ శాఖ ఇచ్చే నౌకాస్ట్, అంటే రాబోయే మూడు గంటల సూచన, చూడాలి. వేసవిలో ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రాలే. హెచ్చరిక ఉన్న రోజున మూడింటికల్లా వేయాలా అన్నది డాక్టరుతో ముందే మాట్లాడిపెట్టుకోండి. వణుకు మొదలయ్యాక వేసిన మాత్ర సగం వృథా.

పాతకాలం_ట్రైనర్ (రాజమండ్రి):
సరే, మందుల్లో తేడా ఉందన్నది అర్థమైంది. గోకడం మీద మాత్రం నా మాట మీదే ఉన్నా. గోకేదాకా ఆగి నిమరకండి, గోకకముందే పక్కన కూర్చోండి. అప్పుడు ఓదార్పూ దక్కుతుంది, గోకడమూ అలవాటు కాదు.

మోతీ_వాళ్లిల్లు (విజయవాడ):
ఇంకొక్క ప్రశ్న. ఏడెనిమిదేళ్లు ఉరుముల్ని లెక్కచేయని లాబ్రడార్ ఇప్పుడు కొత్తగా భయపడుతుంటే?

పశువైద్యం_గుంటూరు:
ముందు నొప్పి ఉందేమో చూపించండి. చప్పుడుకు ఉలిక్కిపడినప్పుడు కండరాలు బిగుస్తాయి, అరిగిన కీలు ఉంటే ఆ క్షణంలో నొప్పి పుడుతుంది, కుక్క ఆ నొప్పిని ఉరుముతో ముడిపెట్టుకుంటుంది. ఇంగ్లండులోని లింకన్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ఈ సంబంధాన్నే రాశారు. నొప్పి ఉన్న కుక్కల్లో చప్పుళ్ల భయం పెద్ద వయసులో మొదలైంది, నొప్పికి వైద్యం చేశాక తగ్గింది. పరుగెత్తేటప్పుడు వెనకకాళ్లు ఒకేసారి ఎత్తుతోందా, మెట్ల దగ్గర ఆగి చూస్తోందా, గ్రానైట్ మీద కాళ్లు జారుతున్నాయా అని గమనించి, ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ఈలోపు అది దాక్కునే చోటి దాకా నడిచే దారిలో జారని రబ్బరు మ్యాట్లు పరవండి.